మిశ్రమ పంటల సమాచారం - ఎక్స్.ఎం.ఎల్. రూపంలో సత్వర సేకరణ ఆవశ్యకత

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో జొన్న, కంది, కొర్ర, సామ, పెసర, మినుము, అనుములు వంటి పంటలను ఒకే పొలంలో కలిపి సాగుచేసే సంప్రదాయం ఉంది. పస్తాపూర్ కేంద్రంగా గల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు విత్తన బ్యాంకుల ద్వారా ఈ వైవిధ్యాన్ని కాపాడుతూ వచ్చాయి. ఇటువంటి సాగును డేటాబేసులో నమోదు చేసినపుడు ఒక్కొక్క పొలానికి అనేక పంటలు అనుబంధంగా ఉంటాయి. ఈ సంబంధాన్ని ఉన్నది ఉన్నట్లు చూపగలగటం 1998లో ప్రమాణంగా వెలువడిన ఎక్స్.ఎం.ఎల్. ప్రత్యేకత.

అయితే ఈ రూపంలో సమాచార సేకరణ ఆలస్యమవుతుందనే విమర్శ ఉంది. జేసన్‌కు మారటమే పరిష్కారమని కొందరి అభిప్రాయం. దానివలన ట్యాగుల భారం తగ్గే మాట నిజమే. కాని ఆలస్యానికి మూలం తరచుగా సమాచారాన్ని కోరే పద్ధతిలోనే ఉంటుంది.

ఉదాహరణకు 1000 పొలాలు, ఒక్కొక్క పొలంలో 15 పంటలు ఉన్నాయనుకొనవచ్చు. పొలాల జాబితా తెచ్చి, ప్రతి పొలానికి పంటలను విడిగా అడిగితే 1001 క్వెరీలు అవసరమవుతాయి. రెండు పట్టికలను కలిపి అడిగితే 15,000 వరుసలు వచ్చి, సర్వే నంబరు, నేల స్వభావం వంటి వివరాలు పొలానికి 15 సార్లు పునరావృతమవుతాయి. రెండు పట్టికలను పొలం సంఖ్య క్రమంలో రెండే క్వెరీలతో తెచ్చి జతపరచటం మేలు. డేటాబేసులోనే పంటలను పొలాలవారీగా సమీకరించే ఎక్స్.ఎం.ఎల్. ప్రమేయాలనూ వినియోగించవచ్చు. పంటల పట్టికలో పొలం సంఖ్యపై ఇండెక్సు లేనిచో, ఒక్క పొలం వివరాలకై పట్టిక మొత్తాన్ని వెదకవలసి వస్తుంది.

పత్రాన్నంతటినీ మెమరీలో నిర్మించిన తరువాత పంపటం కంటె, సిద్ధమైన భాగాన్ని సిద్ధమైనట్లే పంపటం శ్రేయస్కరం. కోరిన మండలానికి, అవసరమైన అంశాలకు, గత సేకరణ తరువాత మారిన వివరాలకు మాత్రమే క్వెరీని పరిమితం చేయాలి. ట్యాగులు పదేపదే వస్తాయి కనుక ఎక్స్.ఎం.ఎల్. పత్రాలు కంప్రెషన్ ద్వారా గణనీయంగా తగ్గుతాయి. బలహీనమైన నెట్‌వర్కు గల గ్రామాలలో ఇది ఎంతో ఉపకరిస్తుంది.

ఏ మార్పు చేయుటకు ముందైనా డేటాబేసులో, పత్ర నిర్మాణంలో, నెట్‌వర్కులో పట్టే కాలాన్ని వేర్వేరుగా కొలవాలి. కొలవకుండా చేసే మార్పు నేల పరీక్ష లేకుండా వేసే ఎరువు వంటిది.

తొలకరి వర్షాలకు విత్తే అదను కొద్ది రోజులే ఉంటుంది. ఏ పొలంలో ఏ పంటలున్నవో విస్తరణ శాస్త్రవేత్తకు సకాలంలో తెలియకపోతే, మిశ్రమ పంటల రైతుకు కూడా ఏకపంట సలహాయే అందుతుంది. కనుక క్వెరీ రూపకల్పనను కేవలం సాంకేతిక సిబ్బంది పనిగా విడిచిపెట్టరాదు. ఏ సమాచారం, ఎంత మేరకు, ఎప్పటిలోగా కావాలో విస్తరణ శాస్త్రవేత్తలే ముందుగా నిర్దేశించాలి. వ్యవసాయ విద్యార్థులకు ఈ అంశంలో ప్రయోగాత్మక శిక్షణ ఇవ్వటం అవసరం.