ప్రయోగమూ ఉపసంహారమూ

పల్నాటి సీమలోని ఈపూరులో ఒక యువకుడు తుపాకి పట్టే విధానం, గురి చూచే పద్ధతి తెలుసుకోదలిస్తే నేడు గడప దాటనక్కరలేదు. చరవాణి తెరపై దృశ్యపాఠాలు కోకొల్లలు. శిక్షకుని సన్నిధికి చేరాలంటే మాత్రం పట్నం వెళ్ళాలి, రుసుము చెల్లించాలి, మందలింపు సహించాలి. విద్య ఒక్కటే అయినప్పుడు ఇంత శ్రమ దేనికి? మంత్రోపదేశానికీ, ప్రాణాయామానికీ, వేదాంతశ్రవణానికీ ఈ ప్రశ్నే వర్తిస్తుంది. అయితే శస్త్రవిషయంలో పొరపాటుకు మూల్యం ఒక ప్రాణం. అందుచేత సమాధానం అక్కడే తేటతెల్లమవుతుంది.

ధనుర్వేదం యజుర్వేదానికి ఉపవేదం. ఆయుధభేదాలను చెబుతూ అగ్నిపురాణం యంత్రముక్తాలను, అనగా యంత్రం ద్వారా విడువబడేవాటిని, ఒక ప్రత్యేకవర్గంగా పేర్కొన్నది. తుపాకిని ఆ కోవలో చేర్చవచ్చు. మంత్రపూర్వకమైన అస్త్రానికి ప్రయోగంతో పాటు ఉపసంహారం కూడా ఉన్నది. తూటాకు ఉపసంహారమంత్రం లేదు. కనుక ఆ ఉపసంహారం ప్రయోగానికి ముందే, వ్రేలు కదలకముందే, చిత్తంలో జరగాలి.

మహాభారత సౌప్తికపర్వం ఈ భేదాన్నే చూపుతున్నది. అశ్వత్థామ, అర్జునుడు ఇరువురూ బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ప్రయోగించారు. బ్రహ్మచర్యవ్రతనిష్ఠుడైన అర్జునుడు దానిని మరలించగలిగాడు. అశ్వత్థామకు అది అసాధ్యమైంది. కుమారుని స్వభావమెరిగిన ద్రోణుడు, ఆపదలో సైతం మనుష్యులపై దానిని ప్రయోగింపరాదని ముందే హెచ్చరించాడు. శిష్యుని ఎరిగి, హెచ్చరించి ఇచ్చిన విద్యయే అంతటి అనర్థానికి దారితీసింది. ఎదుట ఉన్నది ఎవరో ఎరుగని తెర పంచే విద్య మాటేమిటి? క్రోధంతో వచ్చినవానికీ, కుతూహలంతో వచ్చినవానికీ అది ఒకే పాఠం చెబుతుంది.

ఏకలవ్యుడు ప్రతిమ ఎదుట నేర్వలేదా అని ఆక్షేపణ రావచ్చు. ఆ ఆక్షేపణ బలమైనదే. అతని శ్రద్ధ వందనీయం. అంగుష్ఠాన్ని దక్షిణగా కోరిన ద్రోణుని నిష్పక్షపాతిగా సమర్థించడమూ కష్టమే. కానీ పాండవులు చూచిన అతని తొలి కౌశలం ఏది? మొరిగిన కుక్క నోటిని ఏడు బాణాలతో నింపడం. ఎలా కొట్టాలో అతనికి సంపూర్ణంగా తెలుసు. కొట్టవలసిన అవసరం ఉన్నదా అని అడిగే గురువు మాత్రం పక్కన లేడు. మట్టి ప్రతిమ వారించలేదు. తెర కూడా వారించదు.

నేటి శిక్షణాక్షేత్రంలో తొలిపాఠం గురి కాదు, సంయమమే. ప్రతి తుపాకినీ తూటా నిండినదిగానే భావించాలి. గొట్టాన్ని ఎవరివైపూ త్రిప్పరాదు. గురి నిశ్చయమయ్యేవరకు ట్రిగ్గరుపై వ్రేలుంచరాదు. ఈ సూత్రాలు దృశ్యపాఠంలోనూ వినిపిస్తాయి. అయితే మరచిన క్షణంలో చేయి పట్టి ఆపేది శిక్షకుడే. అనుమతిపత్రం కోరేవారు భద్రతాశిక్షణ పొందాలని 2016 నాటి ఆయుధ నియమావళి విధించడంలోని ఆంతర్యమూ ఇదే.

అట్లని దృశ్యపాఠం నిష్ప్రయోజనం కాదు. అది శ్రవణస్థానీయం. భాగాల పేర్లు, నియమాలు, చట్టం మున్నగువాటిని ముందుగా తెలుసుకోవడానికి ఉపకరిస్తుంది. నేర్చినదానిని గుర్తుచేసుకోవడానికీ పనికివస్తుంది. శ్రవణాన్నే సిద్ధిగా భ్రమించడం మాత్రం ప్రమాదం. ప్రణిపాత, పరిప్రశ్న, సేవలతో జ్ఞానం పొందాలని గీతాచార్యుడు ఉపదేశించాడు. తెరకు నమస్కరించవచ్చు, దానిని ప్రశ్నించవచ్చు కూడా. కానీ అడిగినవాని అర్హతను తూచి, “ఇంకా సమయం కాలేదు” అని అది చెప్పలేదు. ఆ ఒక్క మాట చెప్పగలగడమే గురుత్వం.

ఈపూరు ఉన్న పల్నాటిసీమకు ఈ సత్యం కొత్తది కాదు. కోడిపందెపు పంతం దాయాదుల సంగ్రామానికి దారితీసిన గాథను ఈ నేల నేటికీ స్మరిస్తుంది. ఏటేటా కార్తికమాసాంతంలో కారంపూడిలో వీరారాధన జరుగుతుంది. నాటి వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలకు నాగులేటి జలాలతో స్నానం, పూజ జరుగుతాయి. ఆ కొణతాలు అక్కడ ఎవరినీ గాయపరచడానికి లేవవు. పూజలందుకొని మరల స్వస్థానానికి చేరుతాయి. శస్త్రాన్ని ఎత్తడం తెర నేర్పగలదు. దించడం మాత్రం గురుసన్నిధిలోనే అలవడుతుంది.

స్వస్తి.