గోలకొండ చీఁకటిదారి

మొన్న సెలవులలోఁ గల్వకుర్తినుండి బస్సున భాగ్యనగరమునకుఁ బోయి గోలకొండను గాలినడకఁ జూచితిమి. మోకాళ్లనొప్పిచే అత్తగారు క్రిందనే కూర్చుండిరి. వాకిటి గుమ్మటము క్రింద నేను చఱచిన చప్పట్లు కొండకొమ్ముననున్న మావారికి వినవచ్చినవి!

ఇచ్చటినుండి చార్మినారుదాఁక సొరంగమున్నదని జనశ్రుతి. నడచి చూచినవారు మాత్రము లేరు. పైదర్బారుకడ సొరంగద్వారమని చూపు చీఁకటిచెంత మా చిన్నది నా కొంగు పట్టుకొని, “ఇంతదారి యుండఁగాఁ దానీషా యేల పాఱిపోలేదమ్మా?” యనెను.

ఎనిమిది మాసములు ఫిరంగులు మ్రోఁగినను ఔరంగజేబునకుఁ గోట చిక్కలేదు. 1687లో లంచమునకు లోఁబడిన లోనివాఁడొకఁడు రాత్రివేళఁ దలుపు తెఱపించెను. తానీషా దౌలతాబాదు చెఱలోనే గతించెను. నాకుఁ జీఁకటికంటె ఆ తలుపే భయము గొల్పినది.

“వాని పేరేమి?” యని చిన్నది మెట్లు దిగుచు మూఁడుమాఱు లడిగెను. నేను చెప్పలేదు.