కాలువ గట్టుకు తొందర లేదు

ఆ రీలు మీకూ వచ్చే ఉంటుంది. ఒక పక్క డాన్యూబ్ నది, ఇంకో పక్క పచ్చిక, మధ్యలో నున్నటి సైకిల్ దారి. హ్యాండిల్‌కి బుట్ట తగిలించుకుని ఎవరో తీరిగ్గా తొక్కుకుంటూ పోతుంటారు. జర్మనీలోని పసావ్ నుంచి ఆస్ట్రియాలోని వియన్నా దాకా 300 కిలోమీటర్ల పైచిలుకు దారి అది. కింద కామెంట్లన్నీ ఒకే పాట: ‘చచ్చేలోపు ఒక్కసారి వెళ్ళాలి.’

నేనూ సేవ్ చేసి పెట్టుకున్నా. తర్వాత ఒకరోజు ఆ దారి ఎలా పుట్టిందో చదివా. ఇంజన్లు లేని రోజుల్లో సరుకుల పడవల్ని ఎదురు ప్రవాహంలో లాగడానికి గుర్రాలకు తాళ్ళు కట్టి ఒడ్డు వెంబడి నడిపించేవారట. ఆ గుర్రాలు నడిచిన బాటే చాలాచోట్ల ఇవాళ సైకిల్ దారి అయింది.

ఇది చదవగానే నాకు మా తాతయ్య చెప్పే పడవ పెళ్ళిళ్ళు గుర్తొచ్చాయి. మగపెళ్ళివారు గోదావరి కాలువలో పడవెక్కి వస్తే, గాలి లేనప్పుడు పడవకు తాడు కట్టి, ఆ తాడు భుజాన వేసుకుని మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవారట. అంటే ఆ గట్టు కూడా అలాంటి బాటే కదా! పైగా వీసా అక్కర్లేదు. రాజమండ్రి వరకు రైలు టికెట్ చాలు.

అందుకే పోయిన డిసెంబర్‌లో మూడు రోజులు సెలవు పెట్టి, రాజమండ్రి నుంచి నరసాపురం దాకా సైకిల్ మీద వెళ్ళొచ్చా. ఒక్కదాన్నే. మొత్తం వంద కిలోమీటర్లు, అటూ ఇటుగా. ‘అంతేనా? మావాడు వందా ఒక్క పొద్దుటే కొట్టేస్తాడు’ అంటారేమో. కొట్టనివ్వండి. నేను చెప్పేది నెమ్మదిగా వెళ్ళడం గురించి.

ముందు ఈ గట్లు సైకిల్‌కి ఎందుకంత అనువో చెప్తా. కాలువలో నీళ్ళని ఏ మోటారూ తోయదు. పల్లం ఎటుంటే అటు పోతాయి. అందుకని కాలువ తవ్వినవాళ్ళు కంటికి ఆననంత చిన్న వాలు పెట్టి, నేల ఎలా ఉంటే అలా మలుపులు తిప్పుకుంటూ తీసుకెళ్ళారు. పక్కనున్న గట్టుకీ అదే వాలు. వంతెనలు తప్ప ఎక్కాల్సిన ఎత్తు ఒక్కటీ ఉండదు. మీ సైకిల్‌కి గేర్లు లేకపోయినా, మీకు జిమ్ అలవాటు లేకపోయినా పర్లేదు. పైగా నీళ్ళు పోయేవైపే మనమూ పోతున్నాం.

ఈ ఏర్పాటంతా 1847లో మొదలైంది. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. ఆయన దృష్టిలో కాలువంటే పొలాలకు నీరు మాత్రమే కాదు, రవాణా కూడా. బస్సులూ లారీలూ వచ్చేదాకా డెల్టాలో బియ్యం, కొబ్బరి, కొత్త పెళ్ళికూతుళ్ళు అందరూ పడవల్లోనే తిరిగారు. పడవలు పోయాయి. లాకులు, గట్లు మిగిలాయి.

మొదటిరోజు ధవళేశ్వరంలో బ్యారేజీ ఎక్కా. కాటన్ కట్టిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది 1982లో పూర్తయింది. పొద్దున్నే మంచులో ఒక పక్క సముద్రంలా నిండు నీళ్ళు, రెండో పక్క ఇసుక తిన్నెలు. బొబ్బర్లంక దగ్గర దిగితే అక్కడ మొదలవుతుంది కోనసీమకు నీళ్ళిచ్చే కాలువ. సాధారణంగా ఒక గట్టు మీద తారు రోడ్డు, రెండో గట్టు మీద మట్టి బాట ఉంటాయి. మీరు మట్టి బాట ఎంచుకోండి. బస్సులు అటు రావు. ఎదురయ్యేది గేదెలు, గడ్డి మోపులు, ఒకటీ అరా మోటార్‌సైకిళ్ళు. ఫోన్‌లో మ్యాప్‌ని నమ్మితే అది మిమ్మల్ని హైవే మీదకే తోస్తుంది. శాటిలైట్ బొమ్మ పెట్టుకుని కాలువ గీత పట్టుకుని పొండి, చాలు.

ఆత్రేయపురంలో పూతరేకులు వేసే ఒకావిడ దగ్గర అరగంట కూర్చున్నా. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతుంది. రెప్పపాటులో కాగితంలాంటి రేకు లేస్తుంది. కారులో వచ్చినవాళ్ళు ఇంజన్ ఆపకుండానే రెండు బాక్సులు కొనుక్కుని పోతున్నారు. నేను చెమటలు కక్కుతూ సైకిల్ దిగేసరికి ఆవిడే పీట వేసింది. ‘ముందు మంచినీళ్ళు తాగమ్మా’ అంది. కొనమని ఒక్కసారీ అనలేదు.

ఆ పక్కనే లొల్ల లాకులు. వచ్చిన నీటిని అక్కడ పాయలుగా పంచుతారు. తలుపుల కింద నుంచి నీళ్ళు దూకే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. సినిమాలవాళ్ళకి ఇష్టమైన చోటు. నాకు మాత్రం చింత చెట్టు కింద లాకు గోడ మీద కూర్చుని తిన్న పెరుగన్నమే గుర్తు. ఆ రాత్రికి రావులపాలెం. పొద్దున్నే అక్కడి అరటి మార్కెట్‌లో సైకిళ్ళ మీద గెలలు కట్టుకుని వచ్చేవాళ్ళని చూస్తే, మనం బ్యాగు బరువని గొణగడం మానేస్తాం.

మూడు రోజుల్లో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఏంటో తెలుసా? ‘బండేమైందమ్మా?’

కొత్తపేట దాటాక ఒక పెద్దాయనైతే ఆగి మరీ అడిగాడు. ఊరికే ఇలా తిరుగుతున్నానంటే నమ్మలేదు. ‘పెట్రోలు అయిపోతే చెప్పండమ్మా, మొగమాటం దేనికి? మావాణ్ణి పంపుతాను’ అన్నాడు. మన పల్లెల్లో సైకిల్ అంటే బండి కొనుక్కోలేనివాళ్ళది. కొనుక్కోగలిగిన మనిషి, అందులోనూ ఆడపిల్ల, పని లేకుండా దాని మీద తిరుగుతోందంటే ఏదో తేడా ఉందనే లెక్క. కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు. ఆ ప్రశ్నలో వేళాకోళం కన్నా ఆదుర్దాయే ఎక్కువ. ‘బండి బాగానే ఉందండీ, కాలువ చూద్దామని వచ్చా’ అంటే, ‘చూడ్డానికేముందమ్మా కాలువలో?’ అంటూనే పక్కన నడుస్తూ తన చిన్నప్పటి పడవల సంగతులు అరగంట చెప్పాడాయన. ఆయన నడకా నా సైకిలూ ఒకే వేగం. బండి మీదుంటే ఆ కథ నాకు దక్కేది కాదు.

పి.గన్నవరంలో తప్పక ఆగాల్సింది అక్విడెక్టు దగ్గర. కింద వైనతేయ గోదావరి, దాని మీద వంతెన, ఆ వంతెనలో కాలువ! నది మీదుగా కాలువని దాటించి అవతలి లంకకు నీళ్ళిచ్చారు. 49 కమానుల పాత కట్టడం 19వ శతాబ్దం నాటిది. దాని పక్కనే 2000లో తెరిచిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 1841 నుంచి 1909 దాకా జీవించిన ఆవిడ ఇక్కడి లంకల గన్నవరంలో, దారిన పోయేవాళ్ళు ఏ వేళకు తలుపు తట్టినా అన్నం వండి పెట్టింది. ఎవరు, ఏ ఊరు, ఏ పని మీద వచ్చావు అని అడక్కుండా. ఊరికే తిరిగేవాళ్ళకి ఇంతకన్నా మంచి ఊరు ఎక్కడ దొరుకుతుంది?

మూడోరోజు రాజోలు వైపు గట్టు మీద ఇంకో సైకిల్ కలిసింది. పదో తరగతి పిల్ల. అప్పుడే బడి వదిలారు. పక్కపక్కనే తొక్కుతున్నాం.

‘అక్కా, మీ ఇంట్లో ఊరికే తిరగడానికి పంపించారా?’ అంది.

‘చెప్పి వచ్చా’ అన్నా.

‘అడిగారా, చెప్పారా?’

నిజం చెప్పాలంటే ఆ తేడా నేనెప్పుడూ అంత సూటిగా ఆలోచించలేదు. ‘చెప్పా’ అన్నా మళ్ళీ. ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే చెప్పింది. ఆ సైకిల్ మీద ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి తప్ప ఇంకెటూ వెళ్ళలేదట. పరీక్షలు అయిపోగానే సైకిల్ తమ్ముడికి ఇచ్చేస్తారట. ‘వాడు అంతర్వేది బీచ్ దాకా కూడా పోతాడు’ అంది. వాళ్ళ ఊరి మలుపు వచ్చింది. తిరగలేదు. ‘ఆ లాకుల దాకా వచ్చి పోతానక్కా’ అంటూ కిలోమీటరు పైనే నాతో వచ్చింది. లాకు వంతెన మీద ఆగి, రెండు పక్కలా నీళ్ళు చూసి, బెల్లు రెండుసార్లు కొట్టి వెనక్కి తిరిగింది.

బడికెళ్ళే ఆడపిల్లలకు సైకిళ్ళు ఇవ్వడం మంచి పని. చదువు ఆగకుండా చేసిన సైకిళ్ళవి. ఇంట్లో ఆడపిల్ల సైకిల్ ఉన్నవాళ్ళకి నాదొక్కటే విన్నపం. టెన్త్ అయ్యాక కూడా దాన్ని ఆమె దగ్గరే ఉంచండి. పని లేకపోయినా సరే, కాలువ చూసి రానివ్వండి.

ఆ సాయంత్రం సఖినేటిపల్లిలో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే నరసాపురం. పంటు మీద బైకులు, కార్ల మధ్య నా సైకిల్‌కీ చోటు దొరికింది. అక్కణ్ణుంచి సైకిల్‌ని రైల్లో లగేజీగా బుక్ చేసి వచ్చేశా.

ఇప్పుడు మీ ప్లాన్ సంగతి. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్ళండి. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు, జూలై ఆగస్టుల్లో గోదావరికి వరదలు. డిసెంబర్‌లో సార్వా ధాన్యం రోడ్డు మీద ఆరబోసి ఉంటుంది. దిగి పక్కనుంచి నడిపించుకుపోండి, అది ఒక ఇంటి ఏడాది కష్టం. రోజుకు 35 కిలోమీటర్లు మించొద్దు. సన్న టైర్లు గట్టు మట్టికి ఆగవు, కాస్త లావువి ఉండాలి. పంపు, పంక్చర్ సామాను, టోపీ, రెండు లీటర్ల నీళ్ళు. కొత్త సైకిల్ కొననక్కర్లేదు, ఇంట్లో మూలనున్నదానికి బ్రేకులు, చైను చూపించండి.

ఒక్క విషయంలో మాత్రం మొండిగా ఉండండి. చీకటి పడ్డాక గట్టు మీద తొక్కొద్దు. చాలాచోట్ల పిట్టగోడ ఉండదు, దీపాలుండవు, నీళ్ళు లోతు. ఐదున్నరకల్లా ఊళ్ళో ఉండాలి. ఎక్కడున్నదీ ఇంట్లో ఒకరికి లైవ్ లొకేషన్ పెట్టండి. ఇంకోటి, ఊళ్ళ శివార్లలో గట్లన్నీ చెత్తకుప్పలవుతున్నాయి. మీ చిప్స్ కవర్ మీ బ్యాగులోనే ఇంటికి రావాలి.

గోదావరి దూరమైతే మీ దగ్గర్లో ఏ కాలువుందో చూడండి. విజయవాడ నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ ఉన్నాయి. కర్నూలు, కడప వాళ్ళకి కేసీ కాలువ ఉంది. కరీంనగర్, వరంగల్ వైపు కాకతీయ కాలువ ఉంది. ఏ గట్టు మీదైనా ఎవరో ఒకరు ‘బండేమైంది?’ అని అడుగుతారు. సైకిల్ దిగి, స్టాండు వేసి, నింపాదిగా జవాబు చెప్పండి.