గడ్డరికాప్రవాహము

ఇటీవల ఒక పురస్కారసభయందు, బహుమతినందిన యువకవి వేదికపై కూర్చుండియుండగనే, అధ్యక్షస్థానము నలంకరించిన పండితులొకరు నేటి కవుల రచనలన్నియు గడ్డరికాప్రవాహమని ఒక్కమాటతో త్రోసివైచిరి. సభికులు కరతాళధ్వనులు చేసిరి. ఆ నూతన కావ్యములలో ఒక్కదాని పేరైనను ఆ ఉపన్యాసమున వినరాలేదు. ఆ కవికి జరిగిన అవమానము మమ్ము బాధించినది. శాస్త్రగౌరవము గల ఒక మాట తిట్టుగా దిగజారుటయు అంతే బాధించినది.

గడ్డరమనగా గొఱ్ఱె, ఉత్తరాదిని గొఱ్ఱెలకాపరిని గడరియా యనుట ఈ సంబంధముననే. మందను ఏఱు దాటింపవలసినపుడు కాపరి ముందుగా ఒకదానిని మెడపట్టి నీటిలోనికి దింపును. తక్కినవి ఏల, ఎచటికి అని చూడక దాని వెంట దిగును. ఇదియే గడ్డరికాప్రవాహము, గడ్డలికాప్రవాహమనియు నందురు, తెలుగున గొఱ్ఱెదాటు.

అలంకారశాస్త్రమున దీనికి గొప్ప చరిత్ర కలదు. 11వ శతాబ్దపు కాశ్మీరపండితుడు మమ్మటుడు కావ్యప్రకాశము అష్టమోల్లాసమున గుణాలంకారముల భేదమును విచారించుచు ఒక పూర్వపక్షమును ప్రస్తావించెను. మనుష్యునియందు శౌర్యాదులు సమవాయమునను, హారాదులు సంయోగమునను ఉండుగాక, కావ్యమునందు ఓజస్సు మొదలగు గుణములును, అనుప్రాసోపమాదులును సమవాయముననే యున్నవి కావున, వానికి భేదము చెప్పుట గడ్డలికాప్రవాహమేయని ఆ వాదము; ఇది భట్టోద్భటుని మతమని ప్రతీతి. అనినవాడు శాస్త్రజ్ఞుడు, అనిపించుకొన్నవారును శాస్త్రజ్ఞులే; పైగా హేతువు చూపి మఱి అనెను. మమ్మటుడు ఆ మాట అసత్తని చెప్పి ఊరకుండక, గుణములు అంగియగు రసమునకు ధర్మములనియు, అలంకారములు శబ్దార్థముల ద్వారా రసమునకు ఉపకరించునవనియు నిరూపించి, హేతువునకు హేతువుతోనే బదులు చెప్పెను.

అట్టి మాటను ఏ నిదర్శనమును చూపక ప్రయోగించువాడు, పూర్వులెవరో అనిరని తానును అనుచున్నాడే గాని చూచి అనుటలేదు. నాడు చప్పట్లు చఱచినవారిలో ఎందఱు ఆ కావ్యములను చదివిరి? చదువనిదానిని నలుగురితోపాటు నిందించుటకంటె గొఱ్ఱెదాటు వేఱొకటి కలదా? వెనుక నడచుటయే దోషమైనచో, నన్నయ తెఱచిన బాటను విరాటపర్వము మొదలు 15 పర్వములు నడచిన తిక్కనను ఏమందుము? తెలిసి నడచినవాడు గనుకనే ఆయన ఆ బాటలో తనదైన తెలుగు నుడికారమును నిలిపెను. 1925లో కృష్ణపక్షము, 1950లో మహాప్రస్థానము పుస్తకములుగా వెలువడిన పిమ్మట వాని అనుకరణములు పెక్కు వచ్చినమాట నిజమే. అయినను ఏది అనుకరణమో, ఏది అనుసరణమో పద్యము పద్యముగా విడదీసి చూపుటయే విమర్శకుని ధర్మము. దానిని విడిచి ఒక తరమునంతటిని మందగా జమకట్టుట అధర్మము.

మా పత్రికకు విమర్శవ్యాసములు పంపువారికి ఒక మనవి. ఏ కవిని ఈ మాటతో నిందింపదలచినను, అతడు ఎవరిని, ఎచట, కారణమెఱుగక అనుసరించెనో అతని రచననుండియే చూపుడు. అట్లు చూపని వ్యాసమును, వ్రాసినవారెంతటివారైనను, ఇకమీదట ప్రచురింపము.