పాటను కొంటిమా, అద్దెకు తెచ్చుకొంటిమా?



గడచిన భాద్రపదమాసమున మేము నాగర్‌కర్నూలు జిల్లాలోని తిమ్మాజిపేటకు బంధువుల యింటికి పోయియుంటిమి. బతుకమ్మ పండుగ దగ్గరపడుచున్న దినములవి. ఆ యింటి కోడలు మాకు మరదలి వరుస. చాయ గ్లాసు మా చేతికిచ్చి, తన క్రొత్త ఫోనును ముందు పెట్టి, “వదినా, ఏడాదికి పైసలు కట్టి రెండు వందల పాటలు దింపుకున్న. పాత ఫోను పగిలింది. దీంట్ల ఒక్క పాట గూడ లేదు. కొన్న పాటలు యాడికి పోతయి?” అని యడిగెను.

ఈ ప్రశ్న ఆమె యొక్కతెదే కాదు. పల్లెలందును పట్టణములందును నేడు పాట వినుట యనగా ఫోనులో వినుటయే. కావున నీ నెల యీ విషయమునే ముచ్చటింతము.

మన పెద్దల కాలమున గ్రామఫోను ప్లేటు కొన్నచో, అది పెట్టెలోని పట్టుచీరవలె మన సొత్తు. ఇరుగుపొరుగువారికి ఎరువియ్యవచ్చును, కూతురికి సారెతోబాటు పంపవచ్చును. తరువాత వచ్చిన కాసెట్టులును, సీడీలును అట్టివే. డిజిటల్ పాటకు అట్టి వస్తువు లేదు. అది వట్టి యంకెల వరుస. దానికి ప్రతి తీయుట క్షణములో పని. మూలమునకును ప్రతికిని భేదముండదు. అందుచే రికార్డు కంపెనీలవారు భయపడి, వెల పుచ్చుకొని యమ్మిన పాటకు కూడ తాళము వేయించిరి.

అమెరికాలో ఆపిల్ కంపెనీవారు 2003 ఏప్రిల్ 28వ తేదీన ఐట్యూన్స్ అను పాటల యంగడి తెరచిరి. పాట వెల 99 సెంట్లు. ఆ పాటలు అనుమతి పొందిన కొలది కంప్యూటర్లలోను, ఆ కంపెనీవారి ఐపాడులోను దక్క పలికెడివి కావు. వెల యిచ్చి కొన్నవారికే యీ చిక్కు. దొంగప్రతి తెచ్చుకొన్నవారికి ఏ యడ్డును లేదు. ఇది సబబు కాదని కొనువారు మొరపెట్టిరి. కడకు 2009లో ఆ తాళములు తొలగింపబడెను. మన దేశమున 2012లో ఫ్లిప్‌కార్టువారు ఫ్లైట్ అను అంగడి తెరచి, తాళము లేని ఎంపీ3 పాటల నమ్మిరి. అది 2013 జూన్‌లో మూతపడెను. అయినను అచట కొని దాచుకొన్నవారి పాటలు పలుకుట మానలేదు. అంగడి పోయినను సరకు మిగిలినది.

నేడు జరుగుచున్న బేరము వేరు. నెలకో యేడాదికో చందా కట్టుదుము. “దింపుకొనుము” అను మాట కనబడినంతనే పాట మనదైనదని తలతుము. అది ఫోనులో నుంచిన తాళపు పెట్టె మాత్రమే. తాళపుచెవి కంపెనీ చేతిలోనుండును. చందా ముగిసినచో పాట మూగవోవును. స్పాటిఫైలో దింపుకొన్న పాటలకు 30 దినములకొకమారైనను ఇంటర్నెట్టు తగులవలెను. కంపెనీయే వ్యాపారము మానుటయు కలదు. రెస్సో అను యాప్ 2024 జనవరి 31న మన దేశమున మూతపడెను. ఎయిర్‌టెల్‌వారి వింక్ మ్యూజిక్ యాప్‌ను గూడ 2024లోనే మూసిరి. మా మరదలు కొన్నది పాటలు కావు. వాటిని వినుటకు ఏడాది సెలవు. అద్దె తప్పని మేము చెప్పము. దినమున కొక క్రొత్త పాట వినగోరువారికి అద్దెయే చౌక. అద్దె యని తెలిసి కట్టవలెను, అంతే.

ఈ మాట చెప్పగా నామె కొంతసేపూరకుండి, “అయితే అత్తమ్మ పాటలు గూడ అట్లనే పోయినట్టేనా?” అనెను. విచారింపగా తెలిసినదేమన, కాలముచేసిన యత్తగారు పాడిన బతుకమ్మ పాటలను ఆమె పాత బొత్తాముల ఫోనులో పట్టియుంచెనట. మెమొరీ కార్డును క్రొత్త ఫోనులో పెట్టగా “తెరువ వీలు కాదు” అని వచ్చెనట. రెండు నష్టములను ఒకే లెక్కలో వేసికొని, ఆ కార్డును పోపుపెట్టెలో పడవైచినది.

మేము కార్డు తెప్పించి చూచితిమి. పాటల పేర్ల చివర ఏఎంఆర్ అను అక్షరములున్నవి. అది పాత ఫోనులు మాటలను పట్టుకొను పద్ధతి. క్రొత్త ఫోను దానిని చదువలేకపోయినది గాని, అందు తాళమేమియు లేదు. వీఎల్‌సీ అను ఉచితమైన ప్రోగ్రాములో తెరచినంతనే ఆ పెద్దామె గొంతు పలికినది. నడుమ దగ్గు, ఆ వెనుక వాకిట కోడి కూత. కోడలు కొంగు నోటికడ్డము పెట్టుకొని గోడవైపు తిరిగెను.

కావున సోదరీమణులు రెండు సంగతులను వేరుచేసి చూడవలెను. పాట పలుకకుండుటకు తాళము కారణము కావచ్చును, పద్ధతి కారణము కావచ్చును. పద్ధతి మార్చుకొనవచ్చును. ఏఎంఆర్‌ను ఎంపీ3గా మార్చుట వీఎల్‌సీతోనే యగును. మార్చునపుడు గొంతు కొంత తరుగవచ్చును గనుక మూలమును చెరుపక దాచవలెను. నాలుగు నిమిషముల ఎంపీ3 పాట సాధారణముగా నాలుగు మొదలు పది ఎంబీలు మాత్రమే. ఒక ప్రతి ఫోనులోను, మరియొకటి కంప్యూటరులోనో పెన్‌డ్రైవులోనో, మూడవది పైయూరనున్న కొడుకు నొద్దనో కూతురి నొద్దనో యుండవలెను.

తాళమును విరుచు సంగతి వేరు. 2012లో సవరింపబడిన కాపీరైటు చట్టములోని 65-ఎ విభాగము ప్రకారము, హక్కుదారు హక్కును భంగపరచు నుద్దేశముతో అట్టి తాళమును విరిచినవారికి రెండేండ్లవరకు ఖైదును, జరిమానాయు కలవు. అంగడిలో కొలది రూపాయలకు కార్డు నిండ సినిమా పాటలెక్కించుకొనుటయు న్యాయము కాదు. ఆ పైకము పాడినవారికిని వ్రాసినవారికిని చేరదు. బతుకమ్మ పాట తరతరములుగా అందరిదియే. కాని యొక కంపెనీవారు పాడించి పట్టిన రికార్డుపై వారికి 60 యేండ్ల హక్కు కలదు. మన యింటివారు పాడగా మనము పట్టుకొన్న పాత పాటకు ఏ కంపెనీ సెలవును అక్కరలేదు.

పాటకు పైకము చెల్లించుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇది కొనుగోలా, చందాయా? దింపిన పాట మరియొక ఫోనులో పలుకునా? ఈ కంపెనీ రేపు మూతపడినచో నా చేత నేమి మిగులును? మూడవదానికి “ఏమియు లేదు” అని వచ్చినచో, ఆ వెలకు అద్దె యెక్కువయో తక్కువయో మీరే తూచుకొనవచ్చును.

తిమ్మాజిపేటనుండి మేము బయలుదేరునాటికి మా మరదలు ఆ పాటలకు మూడు ప్రతులు తీయించినది. ఒకటి హైదరాబాదులోని ఆడబిడ్డకు పంపినది. చందా మరల కట్టెనో లేదో మేమడుగలేదు. మీ యిండ్లలో పాడగల పెద్దలున్నచో, రాబోవు ఎంగిలిపూల బతుకమ్మకు ముందే వారినొకమారు పాడించి పట్టుకొనుడు.