ఉక్కు కడ్డీ పలికిన జారు

పరదేశ సంగీతం వినబడగానే “ఇది మన చెవికి ఎక్కదు” అని తీర్పు చెప్పేవారు కొందరు. అందులో ఏ కొంచెం మన పోలిక కనిపించినా “ఇది మన దగ్గర ఎన్నడో ఉన్నదే” అని పక్కకు నెట్టేవారు మరికొందరు. ఒకరిది తిరస్కారం, మరొకరిది అతిశయం. కాని ఇరువురిలోనూ లోపించినది ఒక్కటే, ఓపికగా వినడం.

నెల్లూరు తీరానికి పరదేశం కొత్త కాదు. 17వ శతాబ్దం పూర్వార్ధంలోనే ఆంగ్లేయ వర్తకులు దుగరాజపట్నంలో కోఠీ కట్టుకున్నారు. కృష్ణపట్నం రేవు ఈనాటికీ దూరదేశాల ఓడలను ఎరుగును. సరుకు వచ్చినంత సులభంగా సంగీతం రాలేదు. వచ్చినా సినిమా పాట వెనుక నిలిచిన వాద్యంగానే వచ్చింది. ఆ తీరపు పాఠశాలల్లో చదువుకునే పిల్లలకు ఒక గంటసేపు శ్రద్ధగా వినిపించదగిన పరదేశ సంగీతమేదని ఉపాధ్యాయుడు వెదికితే, సోల్ హోఓపీ వాయించిన హవాయియన్ గిటార్ రికార్డులను ముందుగా చెప్పవచ్చు.

ఈ వాద్యం పుట్టుకలోనే విద్యార్థులకు నచ్చే కథ ఉన్నది. దీని సృష్టికర్తగా ఎక్కువమంది చెప్పే పేరు జోసెఫ్ కెకుకు. 19వ శతాబ్దం చివర హవాయి దీవుల్లో బడికి పోయే బాలుడతడు. గిటారును ఒడిలో వెల్లకిల పెట్టి, తీగెలను వేళ్లతో అదమక, వాటిమీద లోహపు ముక్కను జరిపి చూశాడు. అనువైన ఉక్కు కడ్డీని పాఠశాల పనిముట్ల శాలలోనే తయారు చేసుకున్నాడని చెప్తారు. ఆ విద్యను తొలుత హవాయికి తెచ్చినది భారతదేశంలో పుట్టి ఓడలో అక్కడికి చేరిన గేబ్రియల్ డేవియన్ అనే యువకుడని మరొక కథనం ఉన్నది. అది కథనమే, దాన్నిబట్టి గర్వించనక్కర లేదు.

సోల్ హోఓపీ 1902లో హోనోలులూలో జన్మించి 1953లో మరణించాడు. చిన్న వయసులోనే ఓడలో దాగి అమెరికా తీరం చేరాడని ప్రసిద్ధి. అక్కడ జాజ్ సంగీతాన్ని చెవినిండా నింపుకొని, 1920వ దశకంలో లోహపు గిటారు మీద, తరువాత విద్యుత్ గిటారు మీద దానిని పలికించాడు. 1936లో టెక్సాస్ ప్రాంతపు బాబ్ విల్స్ బృందంలో లియోన్ మెకాలిఫ్ వాయించిన ‘స్టీల్ గిటార్ రాగ్’ ఈ వాద్యాన్ని స్వింగ్ నాట్యశాలలకు చేరువ చేసింది. హోఓపీ రికార్డులను రౌండర్ సంస్థ తరువాతి కాలంలో సంకలనాలుగా వెలువరించింది. అందులోని ‘ఫేర్‌వెల్ బ్లూస్’ ఒక్కటి విన్నా అతని చేతి చురుకు తెలుస్తుంది.

ఏమి వినవలెను? మొదటిది కడ్డీ ఒరపు. తీగెలన్నీ ముందే ఒక స్వరకూటమికి శ్రుతి చేయబడి ఉంటాయి. కడ్డీని నిటారుగా జరిపితే ఆ కూటమే పైకో కిందికో పోతుంది. మరో రకమైన కూటమి కావాలంటే కడ్డీని ఏటవాలుగా ఒరపవలెను. తరువాత వచ్చిన పెడల్ గిటారులో కాలితో తొక్కితే తీగెల శ్రుతి మారుతుంది. పెడల్ లేని గిటారులో ఆ పనంతా మణికట్టుదే. వెంట్రుకవాసి తప్పినా అపస్వరం. ఆ ఇరుకులోనే అతడు ఉల్లాసంగా పలకడం ఈ రికార్డుల గొప్పతనం.

రెండవది నడక. స్వింగ్‌లో ఒక్కొక్క దెబ్బ రెండు సమభాగాలు కాదు. “తకిట”లో మొదటి రెండక్షరాలను కలిపి మూడవదాన్ని విడిగా పలికితే దాని ఛాయ తెలుస్తుంది. తాళం వేయడం నేర్చిన పిల్లవాడు దీన్ని చేతితోనే పట్టుకోగలడు.

ఇక పోలిక. కర్ణాటక సంగీతంలో మెట్లు లేని గోటువాద్యం ఉన్నది. కోలను తీగెలమీద జరిపి జారును పలికించడం దాని జీవం. అక్కడ జారు రాగానికి లోబడి ఒకే స్వరమార్గాన సాగుతుంది. ఇక్కడ రెండు మూడు స్వరాలు చేయి చేయి పట్టుకుని ఒకేసారి జారుతాయి. పోలిక ద్వారం వంటిది. దాని దగ్గరే నిలిచిపోయినవాడు లోపలి ఇంటిని చూడడు.

పరదేశ వాద్యాల మోజు స్వదేశ విద్యకు చేటని శంకించేవారికి వయొలిన్ సమాధానం చెప్తుంది. బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్వకుంటే, ద్వారం వెంకటస్వామినాయుడు గారి కమాను తెలుగువారికి దక్కేదా? నిజానికి గోటువాద్యానికి కీడు పరదేశ గిటారు వల్ల కాదు, దాని పేరైనా వినకుండా పిల్లలు పెద్దవారు కావడం వల్ల.

అందుచేత ఉపాధ్యాయులు ఈ రెండింటినీ ఒకేనాడు వినిపించడం మేలు. ముందు గోటువాద్యం, ఆపైన హోఓపీ గిటారు. ఏది గొప్పదని అడగరాదు. జారు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగినదో చెప్పమని అడగవలెను. ఆ ప్రశ్నకు జవాబు వెదికిన చెవి స్వదేశ సంగీతాన్ని కూడ మునుపటికంటె శ్రద్ధగా వింటుంది.