పొగ కన్నా ముందు చెత్త

నగరం పెరిగే కొద్దీ చెత్త పెరుగుతుంది. దానిని ఊరి చివర గుట్టలుగా పోస్తే కుళ్ళి, మీథేన్ అనే వాయువును విడుస్తుంది. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కన్నా ఎన్నో రెట్లు బలమైనది. అందుకే అనేక దేశాలు చెత్తను కాల్చి, ఆ వేడితో విద్యుచ్ఛక్తిని తయారు చేస్తున్నాయి. అయితే కాల్చినప్పుడు బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, గాలిలో కలుస్తుంది. దానిని కలవనీయకుండా పట్టి దాచడం సాధ్యమా?

నార్వే రాజధాని ఓస్లో ఈ ప్రయత్నానికి పూనుకొన్నది. అక్కడి క్లెమెట్స్‌రూడ్ కర్మాగారం చెత్తను కాల్చి నగరానికి వేడిని, విద్యుత్తును అందిస్తుంది. దాని పొగను అమీన్ అనే రసాయనం కలిపిన నీటి గుండా పంపుతారు. ఆ ద్రావణం బొగ్గుపులుసు వాయువును పీల్చుకొంటుంది. ద్రావణాన్ని వేడి చేస్తే వాయువు విడిపోతుంది. ఆ వాయువును ద్రవంగా మార్చి, ఓడలలో పడమటి తీరానికి చేర్చి, సముద్రగర్భం క్రింద 2,600 మీటర్ల లోతున రాతిపొరలలో నిలువ చేయాలన్నది పథకం. ఏటా 3,50,000 టన్నులు పట్టాలని లక్ష్యం. ఖర్చు మితిమీరడంతో 2023లో ఈ పని నిలిచిపోయింది. 2025లో తిరిగి చేపట్టారు.

ఈ పద్ధతిలో ఒక మేలు ఉన్నది. కాగితం, కొయ్య, ఆహారశేషాలలోని కార్బన్‌ను మొక్కలు గాలి నుండే తీసుకొన్నాయి. దానిని భూమిలో దాస్తే గాలిలోని భారం తగ్గుతుంది. ప్లాస్టిక్కులోని కార్బన్ భూగర్భ నూనె నుండి వచ్చినది. దానిని పట్టితే కొత్త భారం చేరదు, అంతే.

కాని పొగను పట్టే యంత్రం ఉన్నది కదా అని చెత్తను పెంచుకొంటూ పోవడం వివేకం కాదు. ఆ యంత్రానికి కూడా శక్తి కావాలి. కోట్లు పోసి కట్టిన కొలిమికి ప్రతిదినమూ చెత్త కావాలి. అప్పుడు చెత్తను తగ్గించాలన్న పట్టుదల సడలిపోయే ప్రమాదం ఉన్నది.

పైగా చెత్త స్వభావం అన్ని దేశాలలో ఒకటి కాదు. భారతీయ నగరాల చెత్తలో తడిసిన వంటింటి వ్యర్థాలే ఎక్కువ. ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో 1987లో చెత్తతో విద్యుత్తు తీసే కర్మాగారం కట్టారు. అక్కడికి చేరిన చెత్త తగినంత వేడినివ్వక అది త్వరలోనే మూతపడింది. తడిచెత్త కొలిమికి చేటు. ఎరువుకు, గోబర్‌గ్యాస్ వంటి ఇంధనవాయువుకు మేలు. ప్రతి ఇంటా చెత్తను వేరు చేయాలని 2016లోనే ప్రభుత్వం నియమం చేసింది. నియమం కాగితం మీద ఉంటే చాలదు, ఇంటింటా అమలు కావాలి.

2070 నాటికి గాలిలో చేర్చే వాయువును, తొలగించే వాయువును సరిసమానం చేస్తామని భారతదేశం 2021లో గ్లాస్గో సభలో ప్రకటించింది. ఆ లక్ష్యానికి యంత్రాలూ అవసరమే. ఎంత వేరు చేసినా, తిరిగి వాడుకోలేని చెత్త కొంత మిగులుతుంది. దానిని కాల్చినప్పుడు పొగను పట్టడం న్యాయమే. అయితే అది చివరి మెట్టు. తగ్గించడం, తిరిగి వాడడం, వేరు చేయడం మొదటి మెట్లు. ఇంట గెలిచి రచ్చ గెలవాలన్నారు పెద్దలు. సముద్రం అడుగున దాచవలసిన భారం ఎంతో వంటింటి చెత్తబుట్ట దగ్గరే తేలుతుంది.